పశువు ఒకరిది, పేరు ఇంకొకరిది: పశువుల రికార్డుకి ఏ డేటాబేస్ పెట్టుకోవాలి

మా కౌంటరు దగ్గరికి ఒక పెద్దాయన ఆవుని తోలుకొచ్చాడు. చెవికి సర్కారు నంబరు పసుపు పోగు ఉంది. దాని మీది పన్నెండు అంకెలూ చదివి కంప్యూటర్లో కొట్టాను. వచ్చిన పేరు ఆయనది కాదు, ఊరు కూడా ఆయనది కాదు.

"ఇది మీ ఆవేనా తాతా?"

"నాది కాకపోతే నీదేటి?"

నారాయణవలస సంతలో కొన్నాడట. అప్పట్లో మా ఎక్సెల్ ఫైల్లో ఆవూ, యజమానీ, ఊరూ, ఫోనూ, బాకీ అన్నీ ఒకే వరుసలో ఉండేవి. పాత పేరు చెరిపి ఈయన పేరు రాసి సేవ్ కొట్టేశాను. రెండు వారాల తర్వాత డబ్బులు కట్టడానికొస్తే బిల్లులో 350 రూపాయలు ఎక్కువ చూపించింది. అది అమ్మినాయన బాకీ! ఆవుతో పాటు అదీ ఈయన నెత్తిన పడింది. అమ్మినాయనకి ఇంకా రెండు గేదెలున్నాయి. వాటి వరుసల్లో ఆయన పాత ఫోను నంబరే ఉంది, కొత్తది నేను చెరిపేసిన ఆవు వరుసలో ఉండేది. తాతకి క్షమాపణ చెప్పుకున్నాను. అమ్మినాయన్ని మాత్రం ఇప్పటికీ ఫోనులో పట్టుకోలేకపోయాం.

నేను ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఒక ప్రైవేటు పశువుల ఆస్పత్రిలో కంప్యూటరు పని చూస్తాను. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు నుంచి ఇలాంటి పని చేసేవాళ్లు ఫోన్ చేసి "ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోమంటారు?" అని అడుగుతుంటారు. నేను ముందు తిరిగి ఒకటే అడుగుతాను: మీ దగ్గర ఆవు చేతులు మారితే మీ ఫైల్లో ఏమవుతుంది? దీనికి సరైన జవాబు ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా పనికొస్తుంది. ఇవ్వలేనిది లక్ష రూపాయలదైనా వద్దు.

ముందు కాగితం మీద గీసుకోండి

సాఫ్ట్‌వేర్ కంటే ముందు పట్టికలు. నాలుగు చాలు. ఒకదాంట్లో మనుషులు: పేరు, ఊరు, ఫోను. రెండోదాంట్లో పశువులు: జాతి, రంగు, పుట్టిన సంవత్సరం, పోగు నంబరు. మూడోది చాలామంది మర్చిపోయేది, అసలు కీలకమైనదీ అదే. ఏ పశువు ఎవరి దగ్గర ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉంది అన్న పట్టిక. నాలుగోదాంట్లో జరిగిన పనులు: టీకా, సూది, ఎదకు కట్టించడం, చూడి పరీక్ష, ఈత, బిల్లు.

ఆవుని అమ్మితే మూడో పట్టికలో పాత వరుసకి "దాకా" తేదీ వేసి, కింద కొత్త వరుస చేర్చాలి. మిగతా దేన్నీ ముట్టుకోనక్కర్లేదు. టీకాల చరిత్ర ఆవుతో వెళ్తుంది, బాకీ మనిషి దగ్గరే ఉండిపోతుంది. రేపు ఒక ఆవు ఈచుకుపోయి బ్రుసెల్లోసిస్ (చూడి పోగొట్టే అంటువ్యాధి) అనుమానం వస్తే, అంతకుముందు ఏ కొట్టంలో ఉంది, అక్కడ దాని పక్కన ఏ పెయ్యలున్నాయి అని వెనక్కి వెతకడానికి కూడా ఈ పట్టికే దారి.

ఇంకో ముఖ్యమైన నిర్ణయం, ప్రతి వరుసనీ ఏ నంబరుతో గుర్తుపట్టాలన్నది. ఫోను నంబరు వద్దు. మా దగ్గర ఒకే నంబరు మీద ముగ్గురు అన్నదమ్ములున్నారు, ముగ్గురికీ వేరే కొట్టాలు. పైగా ఆఫరు అయిపోతే సిమ్ము మారిపోతుంది. పేరు అసలే వద్దు. చెవి పోగు నంబరు బాగానే ఉంటుంది గానీ పోగు ముళ్లకంపకి తగిలి ఊడిపోతుంది, కొత్త పోగుకి కొత్త నంబరు వస్తుంది. మేకలకి చాలావాటికి పోగే ఉండదు. కుక్కకి మైక్రోచిప్ వేయిస్తే అది 15 అంకెలు. కాబట్టి మనిషికీ, పశువుకీ మీ ఆస్పత్రి సొంత వరుస నంబరు ఇవ్వండి. పోగూ, చిప్పూ పక్క గడుల్లో ఉండనివ్వండి.

ఎక్సెల్: అందరూ మొదలుపెట్టేది, చాలామంది దెబ్బతినేదీ ఇక్కడే

ఎక్సెల్‌ని తీసిపారేయను. ఒక షీటులో 10,48,576 వరుసలు పడతాయి, మన జన్మకి సరిపోతాయి. సమస్య వరుసలది కాదు.

పన్నెండంకెల పోగు నంబరుని మామూలు గడిలో కొడితే ఎక్సెల్ దాన్ని పెద్ద సంఖ్య అనుకుని 1.40012ఈ+11 అని కుదించి చూపిస్తుంది. లోపల నంబరు పదిలంగానే ఉంటుంది. కానీ ఆ స్థితిలో ఫైల్ని సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలు పెట్టిన వట్టి అక్షరాల ఫైలుగా) సేవ్ చేస్తే, తెర మీద కనబడిందే ఫైల్లోకి వెళ్తుంది. మళ్లీ తెరిస్తే 140012000000. పోగులు కట్టలు కట్టలుగా వస్తాయి, ఒక కట్టలో మొదటి అంకెలన్నీ ఒకటే. అలా ఓ సాయంత్రం మా ఫైల్లో నలభై ఆవులు ఒకే ఆవు అయిపోయాయి. పాత కాపీ ఉండబట్టి బతికాం. పోగు, ఫోను, పిన్‌కోడ్ కాలమ్‌లకి, ఏమీ కొట్టకముందే, ఫార్మాట్ "టెక్స్ట్" అని పెట్టాలి. కూడికలూ తీసివేతలూ చేయని నంబరు ఏదైనా అంతే.

తేదీలతో ఇంకో తంటా. కంప్యూటరు సెట్టింగు అమెరికా పద్ధతిలో ఉంటే 4/3 అని కొడితే ఏప్రిల్ 3 అయి కూర్చుంటుంది. మనం మార్చి 4 అనుకుంటాం. నెలల్ని అక్షరాల్లో చూపించే ఫార్మాట్ పెట్టుకుంటే తప్పు వెంటనే కంటికి తగులుతుంది.

మూడోది సార్టింగ్. ఒక్క కాలమ్‌నే సెలెక్ట్ చేసి అక్షర క్రమంలో పెడితే పేర్లన్నీ జరిగిపోతాయి, పశువులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఎక్సెల్ ఒక హెచ్చరిక చూపిస్తుంది గానీ హడావుడిలో దాన్ని చదివేదెవరు?

రెండు మూడు వందల పశువులు, కొట్టేది ఒక్కరే అయితే ఎక్సెల్ చాలు. పైన చెప్పిన నాలుగు పట్టికల్నీ నాలుగు షీట్లుగా పెట్టుకోండి. ఊరి పేర్లకి డ్రాప్‌డౌన్ పెట్టండి. లిబ్రేఆఫీస్ కాల్క్ కూడా ఇదే పని ఉచితంగా చేస్తుంది.

గూగుల్ షీట్స్, దాని మీద యాప్‌షీట్

ఇద్దరు ముగ్గురు వేర్వేరు చోట్ల నుంచి కొట్టాలంటే గూగుల్ షీట్స్ హాయి. ఒక ఫైల్లో కోటి గడుల దాకా పడతాయి. నాకు నచ్చేది వెర్షన్ హిస్టరీ. ఏ గడి ఎవరు మార్చారో, అంతకుముందు ఏముందో చూపిస్తుంది. "నేను ముట్టుకోలేదు సార్" అన్న మాటకి అక్కడితో తెర పడుతుంది.

తలనొప్పి నెట్‌తో. పర్లాకిమిడి బజార్లో సిగ్నలుకి లోటు లేదు. మోహన, ఆర్.ఉదయగిరి, నువాగడ వైపు కొండెక్కితే ఫోను ఫోటోలు తీయడానికి తప్ప పనికిరాని చోట్లు చాలా ఉన్నాయి. క్రోమ్‌లో ఆఫ్‌లైన్ సదుపాయం ముందే ఆన్ చేసుకుంటే కొంత నడుస్తుంది.

యాప్‌షీట్‌ని గూగుల్ 2020లో కొనేసింది. అది మీ షీట్లనే తీసుకుని ఫోనులో యాప్‌లా చూపిస్తుంది. పైన యజమాని, కింద ఆయన పశువులు, పశువు మీద నొక్కితే దాని టీకాలు. సిగ్నల్ లేనప్పుడు ఫోనులో దాచుకుని, దొరికాక పంపిస్తుంది. కోడ్ రాయనక్కర్లేదు గానీ ఒక ఆదివారం పూర్తిగా దాని ముందు కూర్చోవాలి. సిబ్బంది అంతా రోజూ వాడాలంటే మనిషికి ఇంత అని నెలనెలా కట్టాలి. మన జోహో కంపెనీ క్రియేటర్ కూడా ఇదే తరహా. ఇద్దరు ముగ్గురు ఉన్న చోట భరించవచ్చు. పదిమంది ఉంటే సంవత్సరానికి ఎంతవుతుందో లెక్కేసుకుని దిగండి.

యాక్సెస్: పాత మోటారే, కానీ నీళ్లు తోడుతుంది

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 1992లో వచ్చింది. కుర్రాళ్లు దాని పేరు చెబితే నవ్వుతారు. కౌంటరు మీద ఒక విండోస్ కంప్యూటరు, రోజుకి ముప్పై నలభై పశువులు వచ్చే ఆస్పత్రికి దానికంటే సరిగ్గా సరిపోయేది నాకు కనబడలేదు. కారణం దాని ఫారం. పైన యజమాని వివరాలు, మధ్యలో ఆయన పశువుల జాబితా, కింద ఎంచుకున్న పశువు చరిత్ర, అన్నీ ఒకే తెర మీద. ఇవన్నీ మౌసుతో లాగి పెట్టుకోవచ్చు. పట్టికల మధ్య సంబంధం గీత గీసి చూపించి "ఎన్‌ఫోర్స్" టిక్కు పెడితే, మనుషుల పట్టికలో లేని యజమాని నంబరుని పశువుకి తగిలిస్తే అది ఒప్పుకోదు. పశువులున్న యజమానిని చెరపనివ్వదు.

ఫైలు 2 జీబీ దాటకూడదు. అక్షరాలే అయితే భయం లేదు. ఒక వరుస అర కేబీ అనుకున్నా లక్ష వరుసలకి 50 ఎంబీ. ఫోటోలు మాత్రం లోపల పెట్టకండి. వాటిని పక్క ఫోల్డర్లో ఉంచి, ఫైలు పేరు మాత్రం గడిలో రాయండి.

దీని లోపాలూ చెప్పాలి. మ్యాక్‌లో, ఫోనులో నడవదు. ఆఫీసు ప్యాకేజీలన్నిట్లోనూ యాక్సెస్ రాదు, కొనేముందు డబ్బా మీద చూసుకోండి. రెండు కంప్యూటర్లకి కావాలంటే పట్టికల ఫైలు ఒకదాంట్లో, ఫారాల ఫైలు రెండిట్లోనూ విడగొట్టి లోకల్ నెట్‌వర్క్ మీద పెట్టాలి. అంతేగానీ గూగుల్ డ్రైవ్‌లో పెట్టి రెండు చోట్ల ఒకేసారి తెరిస్తే ఫైలు పాడవడం ఖాయం. క్వెరీ (పట్టికల్లోంచి జాబితా తీసే ఆదేశం) చేత్తో రాస్తే తేదీలు అమెరికా పద్ధతిలో, నెల ముందు రాయాలి. ఇది తెలియక రెండు నెలలు తప్పు జాబితాతో ఊళ్లకి ఫోన్లు చేశాం.

లిబ్రేఆఫీస్ బేస్ యాక్సెస్‌కి ఉచిత తమ్ముడు. మెనూలు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. ఆశపడి మూడు నెలలు వాడాను. ఫారాలు అంత సులువుగా రావు. దానికదే ఇచ్చే లోపలి డేటాబేస్‌తో పనిచేస్తున్నప్పుడు మధ్యలో కరెంటు పోతే ఫైలు చెడిపోయే ప్రమాదం ఉంది. మన కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా? బేస్‌ని వాడితే వెనకాల మరియాడీబీ లాంటి విడి డేటాబేస్ పెట్టుకుని వాడండి, లేదా వదిలేయండి.

ఎస్‌క్యూలైట్, ఇంకా పెద్దవి

మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోనులో ఎస్‌క్యూలైట్ ఇప్పటికే ఉంది. 2000లో రిచర్డ్ హిప్ రాసిన ఈ డేటాబేస్ మొత్తం ఒకే ఫైలు, పైసా ఖర్చు లేదు. దీని గొప్పతనం కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. రాస్తూ రాస్తూ ఆగిపోతే సగం రాసినదాన్ని వెనక్కి తీసేసి పాత స్థితికి వస్తుంది. అయితే ఫారం లేదు, బిల్లు లేదు. డీబీ బ్రౌజర్ అనే ఉచిత పనిముట్టుతో పట్టికలు చూడొచ్చు గానీ కౌంటరు మీద కూర్చున్న అమ్మాయికి అది ఇవ్వలేం. ఇంకో రెండు మెలికలు ఉన్నాయి. పట్టికల మధ్య సంబంధాన్ని తనిఖీ చేసే సదుపాయం మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ప్రోగ్రాం రాసేవాడు ప్రతిసారీ ఆన్ చేయాలి. తేదీ గడిలో "వచ్చే మంగళవారం" అని రాసినా, ముందే గట్టిగా కట్టడి చేయకపోతే, కిమ్మనకుండా తీసుకుంటుంది.

కాబట్టి ఎవరైనా కుర్రాడితో రాయించుకోవాలి. బీసీఏ చదివిన మేనల్లుడు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు, చక్కగా రాసిపెడతాడు. ఆర్నెల్లకి హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు. ఆ తర్వాత బిల్లు ఫార్మాట్లో ఒక గీత మార్చాలన్నా సంక్రాంతికి వాడు ఇంటికొచ్చేదాకా ఆగాలి. రాయించుకునేటప్పుడే పాస్‌వర్డులు, పట్టికల బొమ్మ, కోడ్ కాపీ మీ చేతికి తీసుకోండి. ఇవ్వడానికి నసిగితే డబ్బులు ఆపండి, మేనల్లుడైనా సరే.

మరియాడీబీ, పోస్ట్‌గ్రెస్ లాంటివి నాలుగైదు శాఖలున్న పాల సంఘానికో, కాలేజీ ఆస్పత్రికో. వాటిని చూసుకోవడానికి జీతం ఇచ్చి ఒక మనిషిని పెట్టుకోగలిగితేనే వాటి జోలికి వెళ్లండి.

తయారుగా దొరికేవి

పశువైద్యం కోసమే చేసిన రెడీమేడ్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అపాయింట్‌మెంటు, బిల్లు, మందుల స్టాకు, టీకా గడువుకి మెసేజి, అన్నీ వస్తాయి. బరంపురంలో కుక్కలూ పిల్లులూ ఎక్కువగా వచ్చే క్లినిక్ అయితే అదే కొనండి, పైన చెప్పిన తిప్పలు పడక్కర్లేదు.

మా దగ్గరికి ఒకాయన డెమో ఇవ్వడానికి వచ్చాడు. తెర అద్దంలా మెరిసిపోతోంది. జాతుల జాబితా తెరవమన్నాను. లాబ్రడార్ ఉంది, పొమెరేనియన్ ఉంది, పర్షియన్ పిల్లి ఉంది. గంజాం మేక లేదు. మల్కనగిరి మోటు ఎద్దు లేదు, కోరాపుట్ కొండల మండా జాతి గేదె లేదు. "ఇతర అని పెట్టుకోండి సార్" అన్నాడు. మాకు వచ్చేవాటిలో సగం పైగా "ఇతర" అయిపోతాయి. ఆ తర్వాత అరవై మేకల గుంపుకి పారుడు వ్యాధి టీకా వేశాం, ఎలా ఎక్కించాలి అని అడిగాను. అరవై పేర్లు పెట్టాలట! మన ఊళ్లో మేకకి పేరు పెట్టేది పిల్లలే, అదీ దసరా దాకానే. గుంపుని ఒకే రికార్డుగా, పక్కన సంఖ్యతో పెట్టుకునే వీలు ఉందో లేదో తప్పక అడగండి. సొంతంగా చేసుకునే పట్టికలో అయితే "ఒంటరి / గుంపు" అని ఒక గడీ, "ఎన్ని" అని ఇంకో గడీ పెడితే సరిపోతుంది.

అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది. చందా ఆపేస్తే నా డేటా మొత్తం ఎక్సెల్లోకో సీఎస్‌వీలోకో తీసుకోవచ్చా? "తీసుకోవచ్చు" అంటే సరిపోదు, ఎదురుగా తీసి చూపించమనండి. డెమో ఇచ్చినాయన యజమానుల జాబితా తీసి చూపించాడు. టీకాల చరిత్ర మాత్రం బయటికి రాలేదు. టీ తాగించి పంపించాం.

ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఓపెన్‌వీపీఎంఎస్ అని ఉచితమైనదొకటి ఉంది. పనితనం గట్టిదే. కానీ జావా, టామ్‌క్యాట్, మైఎస్‌క్యూఎల్ అన్నీ ఎక్కించి నిలబెట్టాలి. దాని కోసం పైన చెప్పిన మేనల్లుడి కంటే పెద్ద మేనల్లుడు కావాలి.

సర్కారు రికార్డు ఉంది కదా, మనదెందుకు?

మంచి ప్రశ్నే. పసుపు పోగు మీది పన్నెండంకెల నంబరు జాతీయ పాడి అభివృద్ధి బోర్డు నడిపిన ఇనాఫ్ అనే కంప్యూటరు రికార్డులోనూ, ఇప్పుడు దాని చోట వచ్చిన భారత్ పశుధన్‌లోనూ పశువుకి గుర్తింపు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద ఆర్నెల్లకోసారి వేసే గాలికుంటు టీకా, నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకి ఒకేసారి వేసే బ్రుసెల్లా టీకా ఆ నంబరు మీదే ఎక్కుతాయి. రైతులు "1962" అనే సర్కారు యాప్‌లో తమ పశువుల వివరాలు చూసుకోవచ్చు. కానీ మీ బిల్లూ, బాకీ, కుక్కలూ, పోగు లేని మేకలూ అక్కడ ఉండవు. రెండూ కావాలి. రెండిటినీ కలిపే దారం ఆ నంబరే. అందుకే ఒక్క అంకె తప్పకుండా, టెక్స్ట్‌గా, ఖాళీలు లేకుండా ఎక్కించండి. బార్‌కోడ్ రీడరు చవకే. పేడ అంటిన పోగుని గుడ్డతో తుడిచి బీప్‌మనిపిస్తే కంటితో చదివే తప్పులు పోతాయి.

ఊళ్లలో క్యాంపులకి నేను కోబో టూల్‌బాక్స్ వాడతాను. ఫారం ముందే ఫోనులోకి దింపుకుంటే సిగ్నల్ అక్కర్లేదు, సాయంత్రం కిందికి దిగాక పంపించవచ్చు. అది డేటాబేస్ కాదు, సేకరించే గిన్నె మాత్రమే. మర్నాడు అందులోంచి యాక్సెస్‌లోకి పోసుకుంటాం.

మూడు లిపులు, ఒక ఊరికి ఏడు పేర్లు

వేరే ఊళ్ల సలహాలు మనకి పూర్తిగా సరిపోనిది ఇక్కడే. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీత ఊళ్ల మధ్య నుంచి పోయింది గానీ పెళ్లిళ్లూ పశువులూ ఆ గీతని పట్టించుకోలేదు. మా కౌంటరుకి పాతపట్నం నుంచి తెలుగాయన వస్తాడు, కాశీనగర్ నుంచి ఒడియాలో సంతకం పెట్టే ఆమె వస్తుంది. పాత ఫైల్లో మా ఊరి పేరే ఏడు రకాలుగా ఉంది. పర్లాకిమిడి, పర్లాఖెముండి, పారలాఖెముండి, వట్టి కిమిడి, ఇలా. ఆవుల ఒంటి మీద గడ్డలు లేచే లంపీ చర్మవ్యాధి దేశంలో మొదట బయటపడింది 2019లో మన ఒడిశాలోనే. అలాంటిది వచ్చి "ఫలానా ఊళ్లో ఆవులెన్ని, వాటిలో లంపీకి వేసే మేక మశూచి టీకా పడినవెన్ని" అని డాక్టరుగారు అడిగితే, ఏడు పేర్లతో ఏడు సార్లు వెతికి కూడుకోవాలి.

ఊళ్లకి విడిగా ఒక పట్టిక పెట్టండి. ఊరికో కోడ్, పక్కన మండలమో బ్లాకో, జిల్లా, రాష్ట్రం. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ స్థానిక పాలన డైరెక్టరీలో ఊళ్లకి కోడ్‌లున్నాయి, వాటినే తీసుకోవచ్చు. కౌంటరు మీద ఎవరూ ఊరి పేరు టైపు చేయకూడదు, ఎంచుకోవాలి అంతే.

మనిషి పేరుకి రెండు గడులు పెట్టాం. ఒకటి వాళ్ల లిపిలో, రసీదు మీద వేయడానికి. రెండోది ఇంగ్లీషు అక్షరాల్లో, వెతకడానికి. ఏ సాఫ్ట్‌వేరైనా ఈ లిపులన్నీ యూనికోడ్‌లోనే (ప్రతి లిపిలోని అక్షరానికీ సొంత గుర్తు ఇచ్చే పద్ధతిలోనే) ఉంచాలి. డీటీపీ వాళ్ల అను ఫాంట్లతోనో, ఒడియా ఆకృతి ఫాంట్లతోనో కొట్టిన పాత ఫైళ్లు చూడ్డానికి తెలుగులా, ఒడియాలా ఉంటాయి, లోపలంతా ఇంగ్లీషు గుర్తులే. ఫాంట్ మారితే గజిబిజి, వెతికితే ఏదీ దొరకదు. యూనికోడ్‌లోనూ ఒక చిక్కుంది. పొల్లు తర్వాత కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పేర్లు కంప్యూటరుకి వేరు వేరు. వెతకడం ఇంగ్లీషు గడిలో పెట్టింది అందుకే. సీఎస్‌వీ తీసేటప్పుడు "యూటీఎఫ్-8" అన్న రకాన్నే ఎంచుకోండి. లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలు అవుతుంది.

కాపీలు, పాస్‌వర్డులు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి మీదుగా వెళ్లింది. కరెంటూ నెట్టూ వరుసగా రోజుల పాటు లేవు. ఆ రోజుల్లో కూడా గోడ కూలి దెబ్బలు తగిలిన పశువులు వస్తూనే ఉన్నాయి. క్లౌడ్‌లో ఉన్న రికార్డు క్లౌడ్‌లోనే ఉండిపోయింది. పనికొచ్చింది రబ్బరు బ్యాండు వేసిన పుస్తకం. అప్పటి నుంచి ప్రతి శనివారం యజమానులు, పశువుల జాబితా ప్రింటు తీసి ఫైల్లో పెడుతున్నాం. డేటాకి మూడు కాపీలు: కంప్యూటర్లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో డాక్టరుగారి ఇంట్లో ఒకటి, నెట్‌లో ఒకటి. నెలకోసారి పెన్‌డ్రైవ్ కాపీని వేరే కంప్యూటర్లో తెరిచి చూస్తాను. తెరుచుకోని కాపీలు రెండుసార్లు దొరికాయి.

యజమానుల ఫోను నంబర్లు మన దగ్గర ఉన్నాయంటే అవి వాళ్లవి, మనవి కావు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉండనే ఉంది. చట్టం లేకపోయినా, దాణా కంపెనీ ఏజెంటు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చి "జాబితా ఇస్తారా బాబూ" అంటే ఇవ్వకూడదు. ఆధార్ నంబరు మేము అడగం, రాసుకోం. పశువుకి సూది వేయడానికి దాంతో పనేముంది?

మరి ఏది?

ఒక్కరే కొడితే, పశువులు మూడు వందల లోపుంటే, ఎక్సెల్‌లోనో కాల్క్‌లోనో నాలుగు షీట్లు. విండోస్ కంప్యూటరు ఉండి, ఆవులూ మేకలూ ఎక్కువగా వచ్చే కౌంటరుకి యాక్సెస్, అది నా ఓటు. డాక్టరు రోజంతా ఊళ్లు తిరిగేవాడైతే గూగుల్ షీట్స్ మీద యాప్‌షీట్. పట్నంలో కుక్కల క్లినిక్‌కి రెడీమేడ్. బేస్ వద్దు. ఎస్‌క్యూలైట్ రాయగలిగినవాడు మీ ఊళ్లో స్థిరంగా ఉంటేనే.

ఇవేవీ నా మాట మీద నమ్మక్కర్లేదు. పాత పుస్తకంలోంచి ఇరవై పశువుల్ని తీసి, అనుకున్న సాఫ్ట్‌వేర్లో ఎక్కించి, ఐదు పనులు చేసి చూడండి. ఒక ఆవుని అమ్మండి. ఒక పోగుని ఊడగొట్టి కొత్తది వేయండి. నలభై మేకల గుంపుకి ఒకేసారి టీకా ఎక్కించండి. వచ్చే నెలలో ఈనేవాటి జాబితా తీయండి. ఆవుకి కట్టించిన రోజు నుంచి సుమారు 283 రోజులు, గేదెకి 310, మేకకి 150. ఆఖరున మొత్తం డేటాని బయటికి తీసి వేరే కంప్యూటర్లో తెరవండి. మా డెమో ఆయన సాఫ్ట్‌వేర్ ఇందులో మూడింటి దగ్గర ఆగిపోయింది.

తాత మొన్న మళ్లీ వచ్చాడు, ఆవు మూడో ఈతకి చూడితో ఉంది. పోగు బీప్‌మంది. తెర మీద ఆ ఆవు కింద ఇద్దరు మనుషుల వరుసలు కనబడ్డాయి. మొదటాయనకి రెండు తేదీలూ ఉన్నాయి, తాతకి "నుంచి" మాత్రమే ఉంది, "దాకా" ఖాళీ.

"నా పేరే ఉందా బాబూ?"

"మీదే ఉంది తాతా. బాకీ కూడా మీది మాత్రమే, 80 రూపాయలు."